సిగరెట్లు తగ్గించి వేప్ పట్టారు, ఊపిరితిత్తులు బాగుపడుతున్నట్టేనా?

అమ్మా, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీ వారికి 34 ఏళ్లు. పన్నెండేళ్లుగా రోజుకు పది సిగరెట్ల దాకా తాగేవారు. ఏడాదిగా వాటిని నాలుగుకు తగ్గించి, ఆఫీసులో వేప్ (ఈ-సిగరెట్), ఇంట్లోనూ కారులోనూ జపాన్ నుంచి స్నేహితుడు తెచ్చిచ్చిన ఐకోస్ (పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరం) వాడుతున్నారు. టీ తాగేటప్పుడు మాత్రం సిగరెట్టే కావాలి. "ఇది పొగ కాదు, ఆవిరి" అంటున్నారు. పొద్దున్నే వచ్చే దగ్గు మాత్రం పోలేదు. నాలుగేళ్ల పాపకు జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వస్తున్నాయి. వీటిలో ఏది ఎంత చెరుపు, ఏ పరీక్షలు చేయించాలి, ఆ పరికరాలు పారేయమని పోట్లాడాలా అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో ఛాతీ డాక్టర్ని. ఈమధ్య ఓపీలో ఈ ప్రశ్న తరచుగా వస్తోంది. కొంచెం పొడుగ్గానే రాస్తాను. ఎందుకంటే ఈ విషయంలో "సిగరెట్ కంటే ఘోరం" అనేవాళ్లూ, "ఏమీ కాదు" అనేవాళ్లూ ఇద్దరూ అతిగానే చెబుతున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మీ వారి ఊపిరితిత్తులకు ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్నవి ఆ మిగిలిన నాలుగు సిగరెట్లు. ఆ నాలుగూ మానకుండా రోజు గడిచిపోయేలా చేస్తున్నవి ఈ రెండు పరికరాలు.

ముందు ఆ "ఆవిరి" సంగతి. జలుబు చేస్తే మనం పట్టే ఆవిరికీ దీనికీ పోలిక లేదు. వేప్‌లో ఉండేది నీళ్లు కాదు. ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు చిక్కటి ద్రవాలు, వాటిలో కలిపిన నికోటిన్, రుచికీ వాసనకీ వేసిన ఫ్లేవర్లు. లోపలి తీగచుట్ట వేడెక్కితే ఇవన్నీ సన్నని తుంపరగా మారి లోపలికి వెళ్తాయి. ఆ తుంపర బొట్లు ఎంత చిన్నవంటే చాలావరకు గొంతులో ఆగకుండా గాలి గదుల దాకా దిగిపోతాయి. తీగ మరీ వేడెక్కితే ఆ ద్రవాలు విరిగి ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, అక్రోలిన్ పుడతాయి. అక్రోలిన్ మీకు కొత్తది కాదు. మూకుట్లో నూనె మాడినప్పుడు కళ్లు మండించి దగ్గు తెప్పించే ఘాటులో ఉండేది అదే. తీగల నుంచి నికెల్, క్రోమియం, సీసం లాంటి లోహాలు కూడా తుంపరలోకి చేరుతున్నట్టు 2018లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు చూపించారు.

ఫ్లేవర్లది ఇంకో కథ. తినే పదార్థంలో వాడటానికి అనుమతి ఉందంటే, కడుపులోకి వెళ్తే ఫర్వాలేదని అర్థం. ఊపిరితిత్తుల్లోకి పీల్చినా ఫర్వాలేదని ఎవరూ తేల్చలేదు. దాల్చినచెక్క రుచినిచ్చే సిన్నమాల్డిహైడ్ శ్వాసనాళాల్లోని సన్నని నూగు కదలికను మందగింపజేస్తుందని ప్రయోగశాలలో తేలింది. తెమడనూ దుమ్మునూ పైకి తోసి బయటికి పంపేది ఆ నూగే. సిగరెట్ కూడా మొదట దెబ్బకొట్టేది దాన్నే. మీ వారి పొద్దుటి దగ్గుకు మూలం చాలావరకు అక్కడే ఉంటుంది. రాత్రంతా కదలక పేరుకున్నది నిద్ర లేవగానే దగ్గితే తప్ప బయటికి రాదు.

నికోటిన్ లేకపోతే ఏమీ కాదనే నమ్మకం కూడా అంత గట్టిది కాదు. 2019లో అమెరికాలోని బేలర్ వైద్య కళాశాల వాళ్లు ఎలుకలకు నాలుగు నెలలు వేప్ పట్టారు. నికోటిన్ కలపని ద్రవంతో కూడా, ఊపిరితిత్తులను కాపాడే కణాల్లో కొవ్వు పేరుకుపోయింది. ఆ తర్వాత ఫ్లూ వైరస్ ఎక్కిస్తే ఆ ఎలుకలు సరిగా తట్టుకోలేకపోయాయి. ఎలుకలే కదా అనొచ్చు, నిజమే. కానీ "ఖాళీ ఆవిరి" అనేదొకటి ఉందని నమ్మేవాళ్లు ఈ ఫలితం తెలుసుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు చెప్పాలి, లేకపోతే అన్యాయం. సిగరెట్‌లో పొగాకు కాలుతుంది. దమ్ము లాగినప్పుడు నిప్పు కొన 900 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ మంటలో కొన్ని వేల రసాయనాలు పుడతాయి, తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. వేప్‌లో పొగాకు కాలడమే ఉండదు కాబట్టి ఇవి చాలావరకు ఉండవు. సిగరెట్ పూర్తిగా మాని వేప్‌కు మారినవాళ్ల ఒంట్లో విషపదార్థాలు గణనీయంగా తగ్గుతాయని 2018లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు ఖాయంగా చెప్పాయి. అదే నివేదికలో, వేప్ వాడే కుర్రవాళ్లలో దగ్గూ పిల్లికూతలూ పెరుగుతున్నాయనడానికి ఓ మోస్తరు ఆధారాలున్నాయని కూడా రాశారు. చాలామంది ఈ రెండిట్లో తమకు నచ్చిన వాక్యాన్ని మాత్రమే ఎత్తి చూపుతారు.

ఇంగ్లండ్ ఆరోగ్యశాఖ సంస్థ 2015లో చెప్పిన "95 శాతం తక్కువ హాని" అన్న మాట మీ వారు కూడా వినే ఉంటారు. అది ఎవరి ఊపిరితిత్తుల్లోనో కొలిచిన లెక్క కాదు. కొందరు నిపుణులు కూర్చుని వేసిన అంచనా నుంచి వచ్చింది. శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీ లాంటి జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. చైనా ఫార్మసిస్ట్ హాన్ లిక్ ఈ పరికరాన్ని తయారుచేసింది 2003లో. అది జనంలోకి విరివిగా వెళ్లింది ఇంకా తర్వాత. కాబట్టి శాతాలతో ప్రమాణాలు చేసేవాళ్లను నేను నమ్మను. సిగరెట్ కంటే తక్కువ హాని అన్నంతవరకు ఒప్పుకుంటాను.

ఇంగ్లండ్‌లోనే జరిగిన మంచి ప్రయోగం ఒకటి 2019లో వచ్చింది. సిగరెట్ మానాలనుకున్న దాదాపు తొమ్మిది వందల మందిలో సగం మందికి వేప్, సగం మందికి నికోటిన్ గమ్ము, ప్యాచ్ లాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవాళ్లు వేప్ గుంపులో 18 శాతం, రెండో గుంపులో 9.9 శాతం. వేప్ గుంపులో దగ్గూ తెమడా కూడా ఎక్కువగా తగ్గాయి. ఇంతవరకు వేప్‌దే పైచేయి. కానీ సిగరెట్ మానినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. రెండో గుంపులో గమ్మూ ప్యాచూ ఇంకా వాడుతున్నవాళ్లు 9 శాతమే. అంటే సిగరెట్ పోయింది, బానిసత్వం పోలేదు. ఇంకో సంగతి కూడా గమనించండి. వాళ్లకు ప్రతి వారం సలహాలిచ్చే మనిషి ఉన్నాడు, వాళ్లు వాడిన ద్రవం తనిఖీలున్న మార్కెట్‌లో కొన్నది.

మీ వారి చేతిలో ఉన్నది అలాంటిది కాదు. మన దేశంలో 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం వచ్చి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ నిషేధించారు. పొగాకును కాల్చకుండా వేడిచేసే ఐకోస్ లాంటివి, ఈ-హుక్కాలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. మొదటిసారి తప్పుకు ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అయినా పాన్ డబ్బా చాటునా ఇన్‌స్టాగ్రామ్‌లోనూ దొరుకుతున్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దొంగచాటుగా వచ్చిన సరుకులో ఏముందో చూసే అధికారి ఎవరూ ఉండరు. పెట్టె మీద 5 శాతం నికోటిన్ అని ఉంటే మిల్లీలీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాములన్నమాట. ఐరోపాలో అనుమతించేది 20 వరకే. పైగా ఇప్పుడొస్తున్నవాటిలో ఎక్కువగా నికోటిన్ సాల్ట్ వాడుతున్నారు. దానికి గొంతులో మంట ఉండదు కాబట్టి ఎంత పీల్చామో తెలియదు. సిగరెట్ అయితే చివరికి వచ్చి ఆరిపోతుంది, బయటికెళ్లి కాల్చాలి, వాసనొస్తుంది. వేప్‌కు ఆ హద్దులేవీ లేవు. ఆఫీసులో బాత్‌రూమ్‌కు వెళ్లినప్పుడల్లా రెండు దమ్ములు లాగే మనిషి, పాత పది సిగరెట్ల రోజుల కంటే ఇప్పుడు ఎక్కువ నికోటిన్ తీసుకుంటూ ఉండొచ్చు.

ఐకోస్ దగ్గరికి వద్దాం. దీన్ని ఫిలిప్ మోరిస్ కంపెనీ 2014లో జపాన్‌లోని నగోయాలో, ఇటలీలోని మిలాన్‌లో మొదలుపెట్టింది. జపాన్‌లో బాగా పాకింది. ఇందులో నిజమైన పొగాకే ఉంటుంది. చిన్న కడ్డీని లోపల పెడితే 350 డిగ్రీల దాకా వేడిచేస్తుంది, నిప్పు అంటుకోదు. సిగరెట్ కంటే విషాలు తక్కువే, కానీ వేప్ కంటే సిగరెట్‌కు చాలా దగ్గరి చుట్టం. 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు కొలిస్తే, సిగరెట్ పొగతో పోల్చినప్పుడు ఐకోస్ నుంచి వచ్చినదాంట్లో నికోటిన్ 84 శాతం, అక్రోలిన్ 82 శాతం, ఫార్మాల్డిహైడ్ 74 శాతం ఉన్నాయి. కంపెనీ లెక్కలు ఇంతకంటే తక్కువ చూపిస్తాయి. ఎవరివి నమ్మాలి అనడిగితే, వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2022లో చేసిన సమీక్ష గుర్తొస్తుంది. దుష్ప్రభావాలు, విషాల మోతాదు చూసిన 11 ప్రయోగాలకూ డబ్బు పెట్టింది పొగాకు కంపెనీలే. దీనితో సిగరెట్ మానగలుగుతారా అని చూసిన ప్రయోగం ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. అమెరికాలో మందులనూ పొగాకు సరుకులనూ నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా 2020లో "హానికర రసాయనాలకు గురికావడం తగ్గుతుంది" అని చెప్పుకోవడానికి ఒప్పుకుంది గానీ, "జబ్బుల ముప్పు తగ్గుతుంది" అనే మాటకు ఒప్పుకోలేదు. ఆ తేడా కోర్టు భాషలా కనిపించవచ్చు గానీ, ఊపిరితిత్తుల విషయంలో అసలు ప్రశ్న అదే. జపాన్‌లోనే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది వాడాక ఉన్నట్టుండి ఈసినోఫిలిక్ న్యుమోనియా (ఒక రకం తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే వాపు) వచ్చినట్టు 2016లో వైద్యులు రాశారు. అరుదే. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు, మోతాదు పెంచినవాళ్లకు జ్వరం, ఆయాసం వస్తే మేం దీన్నీ దృష్టిలో పెట్టుకుంటాం. నన్నడిగితే, మీ ఇంట్లో ఉన్న రెండు పరికరాల్లో నాకు ఎక్కువ చిరాకు దీని మీదే.

ఇక ఆ నాలుగు సిగరెట్లు. "పది నుంచి నాలుగుకు వచ్చాను, అరవై శాతం తగ్గించాను" అని మీ వారు లెక్క చెబుతుండొచ్చు. ఊపిరితిత్తులు అలా లెక్కపెట్టవు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి వయసుతో పాటు ప్రతి ఒక్కరిలోనూ ఏటా కొంత తగ్గుతుంది. సిగరెట్ ఆ తగ్గుదలను వేగిరపరుస్తుంది. పాతిక వేల మందిని ఏళ్లపాటు గమనించిన అమెరికా అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. రోజుకు అయిదు లోపు తాగేవాళ్లలో అదనంగా జరిగే నష్టం, ముప్పై పైన తాగేవాళ్ల నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఉంది. గుండె విషయంలోనూ అంతే. రోజుకు ఒక్క సిగరెట్టే తాగేవాళ్లకు కూడా, ఇరవై తాగేవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో అందులో దాదాపు సగం పెరుగుతుంది.

దానికి తోడు రెండూ కలిపి వాడటం. అమెరికాలో పెద్దవాళ్లను మూడేళ్లు గమనించిన అధ్యయనంలో, ఏదీ వాడనివాళ్లతో పోలిస్తే కొత్తగా శ్వాసకోశ జబ్బు వచ్చే అవకాశం వేప్ వాడేవాళ్లలో సుమారు 1.3 రెట్లు, సిగరెట్ తాగేవాళ్లలో సుమారు 2.6 రెట్లు, రెండూ కలిపి వాడేవాళ్లలో 3.3 రెట్లు కనిపించింది. ఇది సర్వే కాబట్టి ఒకదాని వల్లే ఇంకొకటి వచ్చిందని ఖాయంగా చెప్పలేం. అప్పటికే పాడైన ఊపిరితిత్తులున్నవాళ్లే వేప్‌కు మారి ఉండొచ్చు కూడా. అయినా ఓపీలో నేను చూసేదానికి ఇది దగ్గరగానే ఉంది: రెండూ వాడేవాళ్ల దగ్గు తగ్గదు, పూర్తిగా మానినవాళ్ల దగ్గు తగ్గుతుంది. మానితే ఎంత మార్పు వస్తుందో అమెరికా, కెనడాల్లో పదకొండేళ్లు సాగిన లంగ్ హెల్త్ స్టడీలో కనిపిస్తుంది. అప్పటికే తొలిదశ సీఓపీడీ ఉన్న మగవాళ్లలో, తాగుతూనే ఉన్నవాళ్లకు ఆ ఊదే గాలి ఏటా 66 మిల్లీలీటర్లు తగ్గింది. మానినవాళ్లకు 30. అంటే మామూలు మనిషికి దగ్గర దగ్గరగా.

మీరు భయపడుతూ అడిగిన "పాప్‌కార్న్ లంగ్" గురించి రెండు ముక్కలు. అమెరికాలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకు, వెన్న వాసన కోసం కలిపే డయాసిటైల్ పీల్చడం వల్ల వచ్చిన, చిన్న శ్వాసనాళాలు మచ్చకట్టి మూసుకుపోయే జబ్బది. కొన్ని వేప్ ఫ్లేవర్లలో డయాసిటైల్ దొరికిన మాట నిజమే. కానీ వాట్సాప్‌లో తిరుగుతున్నంత ముప్పు దానితో లేదు. అంతకంటే పట్టించుకోవాల్సింది 2019లో అమెరికాను వణికించిన ఎవాలి, అంటే వేప్ పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు ఉన్నట్టుండి తీవ్రంగా దెబ్బతినే జబ్బు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. వారిలో మరణాలు 68. జబ్బుపడినవాళ్లలో సగానికి పైగా పాతికేళ్ల లోపువాళ్లే. ముఖ్య కారణం గంజాయి సారం ఉన్న బ్లాక్ మార్కెట్ వేప్‌లలో కల్తీగా కలిపిన విటమిన్ ఈ అసిటేట్ అనే నూనె. 51 మంది రోగుల ఊపిరితిత్తులను కడిగిన నీటిలో చూస్తే 48 మందిలో అది దొరికింది. మామూలు నికోటిన్ వేప్‌కు దీన్ని అంటగట్టడం తప్పు. కానీ ఊరూ పేరూ లేని సరుకు పీలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

పాప సంగతి. ఆ వయసు పిల్లలకు జలుబుతో పిల్లికూతలు రావడం మామూలే, చాలావరకు వైరస్‌ల వల్ల. అంతమాత్రాన మీ వారే కారణం అనను. కానీ ఆ శ్వాసనాళాలు అసలే సన్నవి, చిరాకు పడి ఉన్నవి. వేప్ నుంచీ ఐకోస్ నుంచీ గదిలోకి వచ్చేదాంట్లో నికోటిన్, అతి సూక్ష్మ కణాలు ఉంటాయి. సిగరెట్ పొగ కంటే తక్కువే, సున్నా కాదు. కారు అద్దాలు మూసి ఏసీ వేసుకుని వాడటం అన్నిటికంటే చెడ్డది. ఇల్లూ కారూ రెండు చోట్లా ఏదీ వద్దు, ఇందులో బేరం లేదు. ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు: ఆ పొగాకు కడ్డీలూ వేప్ ద్రవమూ పాప నోట్లో పెట్టుకుంటే నికోటిన్ విషం. కొన్ని రకాల కడ్డీల లోపల చిన్న లోహపు రేకు కూడా ఉంటుంది. వాడేసిన కడ్డీ సోఫా మీద, కారు సీటు సందులో ఉండకూడదు. పాపను మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇన్‌హేలర్ రాస్తే "అలవాటైపోతుంది" అని మానకండి. ఆ మాట మన ఇళ్లలో చేసిన చెరుపు అంతా ఇంతా కాదు.

పరీక్షల విషయానికి వస్తే, ఫుల్ బాడీ ప్యాకేజీలకు డబ్బు తగలేయకండి. మీ వారికి స్పైరోమెట్రీ, అంటే ఊదే పరీక్ష, శ్వాసనాళాలు తెరిచే మందు పీల్చకముందు ఒకసారి, పీల్చాక ఒకసారి చేయించండి. ఒక ఛాతీ ఎక్స్‌రే. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ కోసం తెమడ పరీక్ష చేయించడం మన దేశంలో నియమం. అది సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. పొగ తాగేవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ కూడా. "ఏళ్ల తరబడి ఉన్న సిగరెట్ దగ్గే కదా" అని వదిలేసి ఆలస్యంగా వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. సీటీ ఇప్పుడే అక్కర్లేదు. స్పైరోమెట్రీ మామూలుగా వస్తే మీ వారు దాన్ని ఫ్రేమ్ కట్టించుకునే ప్రమాదం ఉంది. చిన్న శ్వాసనాళాల్లో మొదలైన చెరుపు ఆ పరీక్షలో చాలాకాలం దాకా కనిపించదని ముందే చెప్పండి. తెమడలో రక్తం, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరంతో పాటు ఊపిరి అందకపోవడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ డాక్టర్‌కు వేప్ సంగతి దాచకుండా చెప్పాలి. చట్టానికి భయపడి దాస్తారు, మేం న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్స్ మారుస్తూ కూర్చుంటాం.

చివరి ప్రశ్న, పారేయమని పోట్లాడాలా అని. ఇవాళే పరికరాలు లాక్కుంటే రేపు మళ్లీ పది సిగరెట్లు. బ్రిటన్‌లో అయితే ప్రభుత్వమే 2023లో పది లక్షల మందికి వేప్ కిట్లు ఇస్తామని పథకం పెట్టింది. అక్కడి డాక్టర్ "ముందు ఆ నాలుగు మాని పూర్తిగా వేప్‌కు రా, తర్వాత అదీ మానేద్దువు" అంటాడు. అందులో తప్పు లేదు. ఇక్కడ చట్టం ఒప్పుకోనిదాన్ని, లోపల ఏముందో తెలియనిదాన్ని నేను మందుగా రాయలేను, రాయాల్సిన అవసరమూ లేదు. వేరే దారులున్నాయి. అన్నీ కలిపి మానడానికి ఒక తేదీ పెట్టుకోమనండి. వరెనిక్లిన్ అనే మాత్ర డాక్టర్ చీటీతో దొరుకుతుంది. ఆ తేదీకి వారం ముందు మొదలుపెట్టి, తిన్నాక వేసుకుంటూ పన్నెండు వారాలు వాడాలి. వికారం, చిత్రమైన కలలు వస్తాయి, చాలామంది తట్టుకుంటారు. అది వద్దంటే నికోటిన్ ప్యాచ్‌తో పాటు గమ్ము. లేచిన అరగంట లోపే మొదటిది కాల్చే మనిషైతే 4 మిల్లీగ్రాముల గమ్ము, కాకపోతే 2 మిల్లీగ్రాములది. జాతీయ క్విట్‌లైన్ 1800 11 2356 ఉచితం, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.

గమ్ము పనిచేయలేదని వచ్చేవాళ్లలో సగం మంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలి మింగినవాళ్లే. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమలాలి, తగలగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి ఆపాలి, ఘాటు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమలాలి. అలా అరగంట. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట లోపు గమ్ము వేసుకుంటే నికోటిన్ నోటి గోడల నుంచి సరిగా ఎక్కదు. మీ వారి గండం టీ దగ్గరే కాబట్టి గమ్ము టీతో కాదు, టీకి ముందు. మొదటి రెండు వారాలు ఆఫీసు కింద టీ బండి దగ్గరికి వెళ్లకుండా టీ పైకే తెప్పించుకుంటే ఇంకా తేలిక. మానిన కొత్తలో దగ్గూ తెమడా కొన్నాళ్లు పెరిగినట్టు అనిపించవచ్చు. ఆ నూగు మళ్లీ పనిలోకి దిగుతోందన్నమాట. "మానితేనే ఎక్కువైంది" అని ఆయన అప్పుడు అంటారు, ఆ మాటకు సిద్ధంగా ఉండండి. స్పైరోమెట్రీ రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.